కణాల కాపలాను కనిపెట్టిన మెచ్నికోవ్

బూజు పట్టిన గోడ, తడిసిన గడ్డివాము, కుళ్ళిన ఆకుల కుప్ప - వీటి మీదుగా వీచే గాలిలో శిలీంధ్రాల సిద్ధబీజాలు కంటికి కానరాకుండా తేలుతూ ఉంటాయి. ప్రతిదినం మనం వాటిని వందల సంఖ్యలో పీలుస్తున్నాము. అయినా ఆరోగ్యవంతులకు సామాన్యంగా ఏ వ్యాధీ కలుగదు. ఈ రక్షణ రహస్యాన్ని తొలిసారిగా కన్నులారా చూచి లోకానికి తెలిపిన శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్.

ఆయన 1845లో, నేటి యుక్రెయిన్‌లోని ఖార్కోవ్ సమీపాన ఒక పల్లెలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగం. నాలుగేండ్ల విశ్వవిద్యాలయ విద్యను రెండేండ్లలోనే ముగించి, పాతికేండ్లకే ఒడెస్సాలో జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మేధ అంతటిది, మనస్సు మాత్రం మిక్కిలి సున్నితం. 1869లో ల్యుద్మిలాను వివాహమాడే నాటికే ఆమెను క్షయ ఆవరించింది. నడవలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసుకొని వచ్చారట. 1873లో ఆమె మరణించినప్పుడు, తిరిగి 1880లో రెండవ భార్య ఓల్గా టైఫాయిడ్ పాలైనప్పుడు, ఆయన ప్రాణత్యాగానికి పూనుకొని బ్రతికి బయటపడ్డాడు. ఓల్గా కోలుకొన్నది. వ్యాధి ఒకరిని కబళించి మరొకరిని ఎందుకు విడిచిపెడుతుందనే ప్రశ్న ఆయనకు గ్రంథాలకన్న ముందు ఇంటిలోనే ఎదురైనదని నా అభిప్రాయం.

1882లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఆయన సిసిలీ ద్వీపంలోని మెస్సీనా చేరాడు. ఒకనాడు కుటుంబమంతా సర్కస్ చూడబోగా, తానొక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. అద్దం వలె పారదర్శకమైన నక్షత్రచేప డింభకాలలో సంచరించే కణాలను చూస్తూ, తోటలోని గులాబి ముళ్ళను వాటి దేహాలలో గుచ్చాడు. తెల్లవారేసరికి ఆ కణాలు ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి! తెల్లకణాలు సూక్ష్మజీవులను దేహమంతటా మోసుకొనిపోయే వాహనాలని పలువురు పండితులు తలచే కాలమది. మెచ్నికోవ్ వాటిని కావలి భటులుగా గుర్తించాడు. అవే భక్షక కణాలు.

ముల్లు వ్యాధి కాదు గదా! అసలైన ఋజువు 1884లో లభించింది. అదీ ఒక శిలీంధ్రం వల్లనే కావడం విశేషం. మంచినీటిలో ఉండే డాఫ్నియా అనే అతి చిన్న ప్రాణి ఆహారంతోపాటు ఒక జాతి ఈస్టు సిద్ధబీజాలను మింగుతుంది. సూదులవంటి ఆ బీజాలు పేగుగోడను చీల్చుకొని దేహంలో ప్రవేశిస్తాయి. వెంటనే రక్తకణాలు మూగి వాటిని కరిగించివేస్తే డాఫ్నియా బ్రతుకుతుంది. తప్పించుకొన్న బీజాలు మొగ్గ తొడిగి పెరిగితే చనిపోతుంది. జీవన్మరణ సంగ్రామాన్ని ఆయన ఆదినుండి అంతందాకా సూక్ష్మదర్శినిలో చూచాడు.

మన ఊపిరితిత్తులలో జరిగేదీ దాదాపు ఇదే. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు సిద్ధబీజం మిల్లీమీటరులో వెయ్యోవంతుకు రెండు మూడింతలు మాత్రమే ఉండటంచేత వాయుగోణులదాకా చొచ్చుకొనిపోతుంది. అక్కడ మాక్రోఫేజులు దానిని మింగుతాయి. ఆ పేరు పెట్టినవాడూ మెచ్నికోవే. బీజం ఉబ్బి మొలకెత్తబోగానే దాని గోడలోని బీటా-గ్లూకాన్ బయటపడుతుంది. భక్షక కణం పైనున్న డెక్టిన్-1 అనే గ్రాహకం దానిని గుర్తుపడుతుంది. ఆ సంకేతంతో రక్తంనుండి న్యూట్రోఫిల్ కణాలు తరలివచ్చి, మింగడానికి వీలుకానంత పొడవుగా సాగిన పోగులను సైతం నాశనం చేస్తాయి. ఈ దండు చెదిరినవారికే ముప్పు. 2021లో కరోనా రెండవ వెల్లువ వేళ, అదుపు తప్పిన మధుమేహమూ స్టెరాయిడ్ మందులూ కలిసి భక్షక కణాలను బలహీనపరచగా, మరొక జాతి బూజు కలిగించే మ్యూకర్‌మైకోసిస్ మన తెలుగునాట ఎందరి కన్నులనో, ప్రాణాలనో హరించింది.

1888లో మెచ్నికోవ్ పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. రోగనిరోధమంతా రక్తద్రవంలోనే ఉన్నదని వాదించిన జర్మన్ పండితులతో ఆయన ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. 1890లో బేరింగ్, కిటసాటో రక్తద్రవంలోని విషహర శక్తిని కనుగొనగా ప్రతిపక్షానికి బలం చేకూరింది. 1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, ప్రతిపక్షపు పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చి తీర్పరులు ఇరువురినీ గౌరవించారు. ఇరుపక్షాలలోనూ సత్యమున్నది. కాని పీల్చిన బూజు విషయంలో మాత్రం మెచ్నికోవ్ పక్షమే బరువు తూగుతుంది.

వృద్ధాప్యంలో ఆయన దృష్టి పులిసిన పాలమీదికి మళ్ళింది. వాటిలోని సూక్ష్మజీవులు ఆయుర్దాయం పెంచుతాయని నమ్మి తానూ నియమంగా సేవించాడు. పెరుగు లేనిదే భోజనం ముగియని మనకు ఇదేమంత వింత కాదు! ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1916 జూలై 15న, తన 71వ ఏట ఆయన పారిస్‌లో మరణించాడు. ఆయన చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నది.