ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు

పూర్వము దత్తమండలములని పిలువబడి, 1928లో రాయలసీమ యను పేరు దాల్చిన మన సీమ వానకు మొగము వాచినదే కాని విద్యకు మొగము వాచినది కాదు. ఈ మాటకు తార్కాణముగా నిలిచిన మహనీయులలో శ్రీ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు అగ్రగణ్యులు. వీరు 1853లో, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో జేరియున్న అనంతపుర ప్రాంతపు ధర్మవరమున జన్మించిరి. సంస్కృతాంధ్రములందు పాండిత్యమును, ఆంగ్లవిద్యను సంపాదించి, బళ్ళారిలో న్యాయవాదవృత్తి నవలంబించిరి.

ఆనాటి బళ్ళారి స్థితి కొంత తెలిసికొనవలెను. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కరువు ఈ పీఠభూమిని శ్మశానప్రాయము గావించెను. అనంతపురము బళ్ళారి నుండి విడివడి ప్రత్యేకమండల మైనది 1882లో. బళ్ళారియందు దండు, న్యాయస్థానములు, ప్రత్తి వ్యాపారము నుండుటచే ఆంధ్రులు, కర్ణాటకులు, మహారాష్ట్రులు నొక్క వీథిని గలసి మెలసి యుండిరి. పడమటి దేశపు నాటక సమాజములు వచ్చి యాడుచుండగా జూచిన వారికి, మన భాషలో నిట్టివి యేల లేవను ప్రశ్న పుట్టుట సహజమే. కరువు తీఱి పదియేండ్లు నిండకమునుపే ఆచార్యులవారు దానికి సమాధానము చెప్పిరి.

1886లో సరసవినోదిని యను సభ వెలసెను. 1887లో వారి చిత్రనళీయము రంగమెక్కెను. అంతకు రెండేండ్లు ముందు, అనగా 1885లో, కడప మండలపు సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి సమాజము పుట్టినది. అది కుటుంబములకు కుటుంబములే నాటకమును జీవనోపాధిగా జేసికొని యూరూర దిరిగిన సంస్థ. అందు స్త్రీపాత్రములను స్త్రీలే ధరించిరి. సరసవినోదినియో, పగలు కచేరీలలో బనిచేసి రాత్రులందు వేషము గట్టిన విద్యావంతుల సభ. అందు స్త్రీవేషములు పురుషులవే. ముఖమునకు రంగు పూసికొనుట విద్వత్కుటుంబములకు తగదని పెద్దలు తలంచిన దినములలో, పేరుగల న్యాయవాది తన నాటకములలో తానే పాత్రలు ధరించి నిలుచుట సామాన్య సాహసము కాదు. నటుడు గౌరవార్హు డనుటకు వారు వాదము చేయలేదు, తామే నటులైరి.

వారు అంకములను రంగములుగా విభజించు ఆంగ్లమర్యాదను గైకొనిరి. గద్యపద్యములతో బాటు పాటలను విరివిగా జేర్చిరి. పాటలు మితిమీఱినవనియు, శోకఘట్టములందు సైతము పాత్రములు పాడుట సహజము కాదనియు విమర్శకులు ఆక్షేపించిరి. ఆక్షేపణ సమంజసమే. అయినను పద్యార్థము తెలియని సామాన్యుని తెల్లవాఱుదాక కూర్చుండబెట్టినవి ఆ పాటలే.

వారి రచనలలో విషాదసారంగధర మిక్కిలి చర్చకు లోనయ్యెను. నాటకము మంగళాంతము కావలె ననునది మన లాక్షణికుల మార్గము. పూర్వకవుల కథలో సిద్ధుని మహిమచే సారంగధరునకు కరచరణములు మరల వచ్చును. ఆచార్యులవారు ఆ యూఱట నియ్యక విషాదాంతము గావించిరి. శాస్త్రజ్ఞుడు శాస్త్రమును మీఱెనని నింద వచ్చుట వింత కాదు. కాని 1912 మొదలు తిరువనంతపురమున గణపతిశాస్త్రులవారు భాసనాటకములను బ్రకటింపగా, ఊరుభంగమున దుర్యోధనుడు రంగముమీదనే ప్రాణములు విడుచుట లోకమునకు దెలిసెను. ఆ ప్రాచీన సాక్ష్యము చేతికి రాకమునుపే, లోకములో ప్రతి దుఃఖమునకును నివారణ లేదను నిజమును మన ఆచార్యులవారు గ్రహించిరి. కరువుసీమలో బుట్టినవారికి అది యొకరు నేర్పవలసిన పాఠమా?

సరసవినోదిని 1891లో చెన్నపట్టణమున బ్రదర్శనము లిచ్చెను. వానిని జూచిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ యేటనే సుగుణవిలాససభను స్థాపించిరి. అఱవనాట విద్యావంతులు రంగమెక్కుటకు బళ్ళారి తెలుగువారు దారి చూపి రన్నమాట. బళ్ళారిలోనే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమసభకు నాయకులై, చరిత్రవిషయకములైన నాటకములను రచించి ఆచార్యులవారికి సమఉజ్జీగా నిలిచిరి. ఈ స్పర్ధవలన లాభపడినవారు ప్రేక్షకులు. తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్ళారి రాఘవగారు ఆచార్యులవారి మేనల్లుడు; మేనమామ నాటిన విత్తు ఆయనయందు మహావృక్షమయ్యెను.

ఆచార్యులవారు 1912లో దివంగతులైరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరునకు జేరెను. కవి పుట్టిన యూ రొక రాష్ట్రమునను, కీర్తి గడించిన పట్టణ మొక రాష్ట్రమునను నిలిచినవి. ఇరువైపుల వారును ఇది ఎదుటివారి పని యనుకొన్నచో పని చేయువా డెవ్వడు? సుమారు ముప్పది నాటకములు వ్రాసినవారి కృతులలో సగమైనను ముద్రణ కెక్కలేదు. ముద్రితములైనవియు నేడు సులభముగా దొరకవు.

ప్రతి సంవత్సరము మహాసభలు జరుపుచున్నాము. పందిళ్ళకును విందులకును ధనము వెచ్చించుచున్నాము. పోషకులు అందులో నొక భాగమును వేఱుపఱచి, పాత పెట్టెలలో నున్న వ్రాతప్రతులను వెదకించి, ఏటి కొక్క నాటకము నచ్చొత్తించి, దాని నొక రాత్రి యాడింతురేని పితామహుల ఋణము కొంతయైన దీఱును. చెదపురుగు మహాసభల తీర్మానముల కొఱకు వేచియుండదు.