తల్లి జాడ తెలియని రాకుమారి

ఫ్రాన్సు రాణి మేరీ ఆంటాయినెట్ పేరు చదువరులు వినియే యుందురు. ఆమె తొలిచూలు బిడ్డ మేరీ థెరీస్. ఈమె 1778 డిసెంబరు 19వ తేదీన వర్సేల్స్ రాజభవనమున జన్మించెను.

తల్లి ఆస్ట్రియా రాజవంశపు ఆడపడుచు. వియన్నా నగరమున పుట్టి, పదునాలుగవ యేట ఫ్రాన్సుకు కోడలుగా వచ్చి, మరల పుట్టినిల్లు చూడలేదు. 1789లో విప్లవము రేగెను. 1792 ఏప్రిల్‌లో ఫ్రాన్సు ఆస్ట్రియాపై యుద్ధము ప్రకటించుటతో పుట్టినింటి పేరే రాణికి ముప్పయ్యెను. ఆగస్టులో రాజకుటుంబమును పారిస్‌లోని టెంపుల్ అను పాత కోటబురుజులో బంధించిరి.

1793 జనవరి 21న తండ్రి పదునారవ లూయీకి శిరచ్ఛేదము జరిగెను. ఆగస్టు 2న అర్ధరాత్రి దాటిన పిమ్మట తల్లిని వేరొక చెరకు గొనిపోయిరి. బాలిక మేనత్త ఎలిజబెత్ చెంత మిగిలెను. అక్టోబరు 16న తల్లికిని అదే శిక్ష పడెను. కూతురుకు ఎవ్వరును చెప్పలేదు. 1794 మే నెలలో మేనత్తను కొనిపోయి చంపిరి. అదియు చెప్పలేదు. మేనత్త నేర్పినట్లు తన గది తానే ఊడ్చుకొనుచు, ఆ పిల్ల తల్లికై యెదురుచూచెను. 1795 జూన్ 8న అదే బురుజులో తమ్ముడు మరణించెను. ఆ వేసవిలో తోడుగా నుంచిన యొక స్త్రీ వలన అందరి సంగతియు నొక్కసారిగా తెలిసెను.

ఆ డిసెంబరులో, ఆస్ట్రియా చెరలోనున్న ఫ్రెంచి ప్రముఖులకు బదులుగా ఈమెను విడిచిరి. సరకుకు సరకు మార్చుట మన మెరుగుదుము. అచ్చట మనిషికి మనిషిని మార్చిరి. 1796 జనవరిలో తల్లి పుట్టిన వియన్నాకు కూతురు ఒంటరిగా చేరెను.

1799లో బంధువగు ఆంగులేమ్ ప్రభువును వివాహమాడెను. సంతానము కలుగలేదు. పరదేశములలో తిరిగి తిరిగి 1814లో స్వదేశము చేరెను. 1816లో, తల్లి తన చివరి యుదయమున ఆడబిడ్డ ఎలిజబెత్‌కు వ్రాసిన జాబు బయటపడెను. తమ చావునకు పగ తీర్చుకొన దలపరాదని కుమారునికి అందులో బోధించియుండెను. జాబు అందవలసిన ఆడబిడ్డయు లేదు, ఆ కుమారుడును లేడు. చదువుటకు కూతురొక్కతెయే మిగిలెను.

1830లో మరల దేశము విడిచి, 1851 అక్టోబరు 19న ఆస్ట్రియాలో కన్నుమూసెను.

యుద్ధము మానుటకు సంధి కావలెను. తల్లి యున్నదో లేదో బిడ్డకు చెప్పుటకు సంధి యక్కరలేదు. కావలివారిలో ఒక్కడు నోరు విప్పిన చాలియుండెడిది.