బడిపంతులు గెలిచిన బంగారం

మాది బెజవాడ. ఇక్కడ ఏ ఖాళీ స్థలం చూసినా క్రికెట్టే. అందుకే మన దేశానికి ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిన కోచ్ ఒక హైదరాబాద్ బడిపంతులు అంటే మా రూమ్‌లో ఎవరూ నమ్మలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఆడి, తర్వాత స్కూల్ టీచరయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది.

కోచ్ అయినా ఆయనలోని మాస్టారు పోలేదు. రాని కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని రూల్స్ పెట్టి మ్యాచ్‌లు ఆడించేవారు. మనకి రాని చాప్టర్ నుంచే ప్రశ్నలిచ్చే లెక్చరర్ లాగన్నమాట!

1951లో ఢిల్లీలో స్వర్ణం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. అయినా 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం.

1962 జకార్తా నాటికి ఆయనకి క్యాన్సర్. అయినా జట్టుతోనే ఉన్నారు. ఫైనల్లో, తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం మళ్ళీ మనకి రాలేదు. ఆయన మీద 'మైదాన్' సినిమా రావడానికి 2024 దాకా పట్టింది. ఆటగాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకునే మనం, వాళ్ళకి నేర్పిన మాస్టార్లని మాత్రం ఎంత తేలిగ్గా మర్చిపోతామో!