పిల్లల భాష నేర్చుకున్న పంతులు

భివండి: సాంచల చప్పుడుతో తెల్లారే ఊరు. పద్మనగర్‌లోనో కామత్‌ఘర్‌లోనో ఉండే తెలుగింటి పిల్లాడు పొద్దున లేచి అమ్మతో తెలుగులో మాట్లాడతాడు. గల్లీలోకి రాగానే హిందీ. నాన్న పనిచేసే కార్ఖానాలో ఉర్దూ కలిసిన హిందీ. బడిలో మరాఠీ, దాని పక్కనే ఇంగ్లిష్. పదేళ్లు నిండేలోపే ఆ పసివాడి చెవిన నాలుగు భాషలు పడతాయి. అయినా పరీక్ష వచ్చేసరికి ఏ భాషా రాదన్న మాటే పడాల్సి వస్తోంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని ఇక్కడికొచ్చిన కుటుంబాల్లో చాలామందికి ఇది ఇంటి సంగతే.

ఇలాంటి పిల్లలకు పరాయి భాష ఎలా చెప్పాలన్న ప్రశ్నకు వందేళ్ల కిందటే ఓ తెలుగు పంతులు సమాధానం వెతికారు. ఆయన కూడా సరిహద్దు మనిషే. తెలుగు, ఒరియా, సవర భాషలు కలిసే చోట బతుకంతా గడిపారు. ఆయనే గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాషా ఉద్యమ పితామహుడిగా అందరికీ తెలుసు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. కానీ ఆయన అన్నిటికన్నా ముందు బడిపంతులన్న సంగతి దండల మధ్య మరుగున పడిపోతోంది.

ముప్పై రూపాయల ఉద్యోగం

రామమూర్తి 1863 ఆగస్టు 29న ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. చిన్నతనంలోనే తండ్రి జ్వరంతో పోయారు. బంధువుల ఇంట ఉండి విజయనగరంలో మహారాజావారి ఇంగ్లిష్ బడిలో చదువుకున్నారు. అక్కడే గురజాడ అప్పారావు సహాధ్యాయి. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

1879లో మెట్రిక్యులేషన్ అయ్యింది. ఇంటి పరిస్థితి పై చదువుకు సరిపోలేదు. మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. నెలకు 30 రూపాయల జీతం. చరిత్ర పాఠం చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పాసయ్యారు. పుస్తకంలో ఉన్న చరిత్రతో ఊరుకోలేదు. ముఖలింగం గుళ్లలోని శాసనాలను స్వయంగా చదివి, వాటి మీద ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాశారు. ఎవరో చెప్పింది వల్లించకుండా కళ్లతో చూసి, చెవులతో విని తేల్చుకోవడం ఆయనకు అప్పటినుంచే అలవాటు.

కొండ మీది భాష

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. వాళ్ల భాషకు తెలుగుతో గానీ ఒరియాతో గానీ చుట్టరికం లేదు. ముండా కుటుంబానికి చెందిన భాష అది. కొండ దిగి వచ్చే సవరలకు ఊళ్లో మాట్లాడే భాష రాదు, ఊరివాళ్లకు వాళ్ల భాష రాదు. బేరంలోనైనా, కచేరీలోనైనా నష్టం వాళ్లదే. వీళ్లకు చదువు చెప్పాలని రామమూర్తి పంతులుకు అనిపించింది.

ఇక్కడే ఆయన మిగతా పంతుళ్లకన్నా వేరుగా ఆలోచించారు. పిల్లలకు తెలుగు ఎలా ఎక్కించాలి అని మొదలుపెట్టలేదు. ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నారు. నేర్పే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అసలు రాతే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఓ మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. పలికించుకోవడం, వినడం, తిరిగి పలకడం, రాసుకోవడం. వేళ దొరికినప్పుడల్లా కొండల్లోని గూడేలకు కాలినడకన వెళ్లేవారు. 1890ల మొదట్లో మొదలైన ఈ పని దాదాపు నాలుగు దశాబ్దాలు సాగింది.

సవరలో గొంతులో పట్టి ఆపే ధ్వని ఒకటి ఉంది. తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు. వాక్యం కట్టు కూడా మనకు కొత్తే. చేసే పనీ, ఆ పని దేని మీద జరుగుతుందో ఆ వస్తువు పేరూ కలిసి ఒక్క క్రియగా మారిపోవడం ఆ భాషలో మామూలు. తెలుగు వ్యాకరణం కొలబద్దతో కొలిస్తే ఇది తప్పులా కనిపిస్తుంది. పంతులు ఆ కొలబద్ద పక్కన పడేశారు. వాళ్లు ఎలా మాట్లాడితే అదే ఆ భాషకు వ్యాకరణం అని రాసుకున్నారు.

దీనికి ఆయన కట్టిన మూల్యం చిన్నది కాదు. గూడేల్లో తిరగడంతో మలేరియా పట్టుకుంది. జ్వరానికి మింగిన క్వినైన్ చెవుల మీద దెబ్బతీసింది. క్రమంగా చెవుడు వచ్చింది. చెవితోనే పని సాగించే మనిషికి చెవే పోయింది. పని మాత్రం ఆపలేదు.

బహుమానం వద్దు, బడి కావాలి

భాష పట్టుబడ్డాక సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. కథలు, పాటలు పోగుచేశారు. కొత్త లిపి మోపకుండా తెలుగు అక్షరాల్లోనే సవర మాటలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు కూడా తానే ఇచ్చారు. సవర పిల్లాడు మొదటి రోజు బడికొచ్చి తనకు తెలిసిన మాటే పలక మీద చూశాడు. అక్షరం కొత్తదే గానీ మాట తన ఇంటిదే.

ఆ పుస్తకాలకు ప్రతిఫలంగా మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే పంతులు పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో మంచి బడి పెట్టి, ఆ సవర పుస్తకాలతోనే పాఠాలు చెప్పించమని కోరారు. 1913లో ప్రభుత్వం రావుసాహెబ్ బిరుదు ఇచ్చింది. ఆయన ఇంగ్లిష్‌లో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. తర్వాత నిఘంటువులూ వెలువడ్డాయి. ఈ కృషిలో కుమారుడు సీతాపతి తోడుగా నిలిచారు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం కూడా అందింది.

దొరకొచ్చిన అనుమానం

సవర పని సాగుతుండగానే మరో మలుపు వచ్చింది. 1907 నాటికి ఉత్తర కోస్తా జిల్లాల బడుల ఇన్‌స్పెక్టర్‌గా జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లిష్ దొర ఉన్నారు. ఆయన తెలుగు నేర్చుకుంటున్నారు. పుస్తకంలో చదివిన తెలుగు బజారులో ఎవరూ మాట్లాడటం లేదు. బజారులో విన్న తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు. చిన్న తరగతుల్లో పండితులు పాఠం చెప్పే తీరూ నచ్చలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగితే, దీనికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ, గిడుగు ఇద్దరేనని ఆయన తేల్చారు.

యూరప్‌లో అప్పటికే భాషల బోధన మీద పెద్ద చర్చ నడుస్తోంది. సూత్రాలు బట్టీ పట్టించి, వాక్యాలు అనువాదం చేయించే పాత పద్ధతిని మార్చాలని జర్మనీలో వియెటర్ 1882లో గొంతెత్తారు. 1886లో పారిస్‌లో భాషా ఉపాధ్యాయులు ధ్వనుల అధ్యయనం కోసం సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో హెన్రీ స్వీట్, డెన్మార్క్‌లో యెస్పర్సన్ ఇదే దారిలో పుస్తకాలు రాశారు. వాళ్లు చెప్పిందాని సారం సులువే. ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాతే పుస్తకం. విడి మాటల పట్టికలు వద్దు, సందర్భంలో నిండు వాక్యాలు కావాలి. చచ్చిపోయిన వాడుక కాకుండా బతికున్న భాష నేర్పాలి.

యేట్స్ ప్రోత్సాహంతో పంతులు స్వీట్, యెస్పర్సన్, విట్నీ, పాల్ గ్రంథాలు తెప్పించి చదివారు. చదివితే తాను సవర గూడేల్లో పదిహేనేళ్లుగా నడిచిన బాటే అది. కొండ మీద తేలిన సంగతి ఇప్పుడు మైదానంలోనూ నిజమని అర్థమైంది. గ్రాంథికంలో రాసిన వాచకం తెలుగు పిల్లాడికి కూడా పరాయి భాషే. ఇంట్లో ఒకటి మాట్లాడి బడిలో ఇంకొకటి బట్టీ కొట్టే పిల్లాడు, అడవి నుంచి వచ్చిన సవర పిల్లాడు ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు.

ఇక పోరాటం మొదలైంది. 1911లో కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయొచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. ఆ వెసులుబాటు నిలవలేదు. 1915లో గురజాడ కన్నుమూశారు. సగం బలం పోయినట్టయినా పంతులు ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. పూర్వకవుల పద్యాల నుంచే ప్రయోగాలు చూపించి పండితుల నోరు మూయించేవారు. 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే వీరేశలింగం కూడా పోయారు. అదే ఏడు పంతులు నడిపిన 'తెలుగు' మాసపత్రిక ఏడాదికే ఆగిపోయింది. మాట మాత్రం జనంలోకి వెళ్లిపోయింది.

గీత మారిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటువైపు పోయింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్ని ఒరిస్సాలో కలపొద్దని ఎంతో వాదించిన పంతులుకు అది పెద్ద దెబ్బ. 72 ఏళ్ల వయసులో, యాభై ఏళ్లు దాటి బతికిన ఊరు విడిచిపెట్టి రాజమండ్రి వచ్చేశారు. సొంత ఊళ్లోనే పరాయివాళ్లయ్యే బాధ ఏమిటో సరిహద్దు అవతల ఉన్న తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరిలో, కన్నుమూయడానికి వారం ముందు కూడా, మద్రాసులో పత్రికలవాళ్లను కలిసి జనం భాషలో రాయమని వేడుకున్నారు. జనవరి 22న వెళ్లిపోయారు. ఈరోజు తెలుగు పత్రిక వాడుక భాషలో వస్తోందంటే ఆ వేడుకోలుకూ అందులో పాలుంది.

బడుల్లో మాత్రం ఆయన మాట చెవికెక్కడానికి ఇంకా ఆరు దశాబ్దాలు పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలుపెట్టింది. అందులో సవర ఒకటి. మరో రెండు మూడేళ్లకు ఒడిశా కూడా పది భాషలతో అదే బాట పట్టింది. గీతకు ఇటూ అటూ ఇప్పుడు పంతులు పద్ధతే.

మన గల్లీకి ఏం పనికొస్తుంది?

మహారాష్ట్రలో అన్ని బడుల్లో మరాఠీ తప్పనిసరి చేస్తూ 2020లో చట్టం వచ్చింది. ఉన్న ఊరి భాష రావాల్సిందే, అందులో వాదం లేదు. ఎలా చెప్పాలన్నదే అసలు సంగతి. భివండిలో ఒకే తరగతిలో తెలుగు, ఉర్దూ, హిందీ ఇళ్ల పిల్లలు కూర్చుంటే ముగ్గురికీ మరాఠీ ఒకేలా కష్టం కాదు.

మరాఠీలో తలుపు పుంలింగం, గోడ స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. తెలుగు పిల్లాడికి మూడూ 'అది'. అందుకే తడబడతాడు. హిందీ పిల్లాడికి రెండు లింగాలు ఇంట్లోనే వచ్చు, మూడోదే కొత్త. ఇంకో చోట లెక్క తిరగబడుతుంది. మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' వేర్వేరు. ఎదుటివాణ్ని కలుపుకొంటే ఒకటి, వదిలేస్తే ఇంకొకటి. హిందీలో రెంటికీ 'హమ్' ఒక్కటే కాబట్టి ఆ పిల్లాడు తికమకపడతాడు. తెలుగు పిల్లాడికి మనం, మేము అని చెబితే క్షణంలో పట్టేస్తాడు. 'ళ' పలకడం కూడా మనవాళ్లకు ఇంటి నుంచి వచ్చిన ఆస్తే. పిల్లల భాష కొంచెమైనా తెలిసిన టీచర్‌కు ఇవన్నీ చేతిలో పనిముట్లు. తెలియని టీచర్‌కు వీడికి రాదు అన్న ఒక్క మాటే మిగులుతుంది.

మన తెలుగు బడులకూ ఇందులో పాఠం ఉంది. పంతులు గెలిపించిన వాడుక భాష చివరకు ఎక్కువగా కోస్తా చదువుకున్నవాళ్ల భాషగా స్థిరపడింది. ఇంట్లో పోయిండు అనే పిల్లాణ్ని బడిలో వెళ్లాడు అనలేదని తిడితే గిడుగును చదవనట్టే. పుస్తకం మాట నేర్పాలి, ఇంటి మాటను చిన్నబుచ్చకుండా నేర్పాలి.

భీము ఎక్కించకుండా సాంచ నడపమని ఎవరూ అనరు. బడిలో పిల్లాడి సొంత భాషే ఆ భీము. దాని మీద మరాఠీ పేక పడుతుంది, ఇంగ్లిష్ పేక పడుతుంది, గుడ్డ గట్టిగా వస్తుంది. వచ్చే ఆగస్టు 29న పంతులు ఫొటోకు దండ వేసేవాళ్లు, ఆ సాయంత్రం తమ పిల్లల మరాఠీ టీచర్ దగ్గరికి వెళ్లి నాలుగు తెలుగు మాటలు నేర్పి వస్తే ఆ దండకు అర్థం ఉంటుంది.