సర్ శివసాగర్ రామ్‌గులామ్: హైస్కూలు తలుపులు తెరిచిన డాక్టరు

మారిషస్‌లో విమానం దిగగానే కనిపించే పేరు సర్ శివసాగర్ రామ్‌గులామ్‌ది. ఆ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడిగా, తొలి ప్రధానిగా ఆయన చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆయన చేసిన పనులన్నిటిలో పెద్దది 1977లో హైస్కూలు చదువుకి ఫీజు ఎత్తివేయడమే అనిపిస్తుంది. మనలో చాలామందిని ఇంత దూరం తీసుకొచ్చింది కూడా ఆ హైస్కూలు మెట్టే కదా! అందుకే ఆయన కథ మీతో పంచుకుంటున్నాను.

ఆయన 1900 సెప్టెంబరు 18న బెల్ రివ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి బీహారు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాడు. శివసాగర్‌కి ఏడేళ్ళప్పుడే తండ్రి పోయారు. పన్నెండేళ్ళప్పుడు పశువుల పాకలో జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. అయినా చదువు ఆగలేదు. స్కాలర్‌షిప్ రావడంతో క్యూర్‌పిప్‌లోని రాయల్ కాలేజీలో చేరగలిగారు. 1921లో అన్నగారి సాయంతో లండన్ వెళ్ళి, 1935లో డాక్టరుగా తిరిగొచ్చారు.

అవే చెరకు తోటల్లో మనవాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళారు కనుక అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు. బీహారీ అయినా, తెలుగు అయినా, తమిళం అయినా కూలీ పిల్లవాడికి హైస్కూలు అందని పండే. ప్రాథమిక చదువుకి ఫీజు లేదు. ఆ పైన ప్రభుత్వ కాలేజీలు నాలుగైదు మించి ఉండేవి కావు. మిగిలినవి చాలావరకు నెలనెలా ఫీజు కట్టాల్సిన ప్రైవేటువి. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగితే ఆ ఒక్కరూ ఎవరో మనకి తెలియనిది కాదు. అబ్బాయి బడికి వెళ్ళేవాడు, అమ్మాయి ఇంట్లో ఉండిపోయేది.

రామ్‌గులామ్ 1940లో శాసనమండలిలో అడుగుపెట్టారు. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమైంది. అంతకు కొన్నేళ్ళ ముందు 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, పెరిగే జనాభాతో, చెరకు తప్ప మరో ఆధారం లేని ఈ దీవి భవిష్యత్తు కష్టమేనని తేల్చారు.

ఉచిత విద్య ఆయన ఒక్కరి దయ వల్ల వచ్చింది కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. 1972లో జరగవలసిన ఎన్నికలని ఆయన ప్రభుత్వం 1976 దాకా వాయిదా వేసింది. 1975 మే 20న వేలమంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పేదవాడికీ మంచి చదువు కావాలన్నది వాళ్ళ కోరికల్లో ఒకటి. తరవాత ఓటు వయసు 18కి తగ్గింది. 1976 డిసెంబరు ఎన్నికల ముందు రామ్‌గులామ్ ఉచిత హైస్కూలు విద్య ప్రకటించారు. ఓట్ల కోసమే అన్నారు కొందరు. కొంత నిజమే కావచ్చు. ఆ ఎన్నికల్లో ఎక్కువ సీట్లు ప్రతిపక్షానికే వచ్చాయి, ఆయన మరో పార్టీతో కలిసి ప్రభుత్వం నిలబెట్టుకున్నారు.

1977 జనవరి నుంచి మాట అమలైంది. ప్రైవేటు కాలేజీలని మూయకుండా, టీచర్ల జీతాలు ప్రభుత్వమే భరించి ఫీజు తీసేయించింది. అసలు పరీక్ష ఆ తరవాత వచ్చింది. చెరకు ధర పడిపోయింది. 1979లోనూ 1981లోనూ రూపాయి విలువ తగ్గించారు. ఖర్చులు కోయాల్సి వచ్చినా పిల్లల ఫీజు మళ్ళీ పెట్టలేదు. నేను ఆయనకి నమస్కరించేది ఇందుకే.

1982లో ప్రజలు ఆయన్ని చిత్తుగా ఓడించారు. ప్రధాన దీవిలోని 60 సీట్లూ ప్రత్యర్థులకే పోయాయి. తరవాత గవర్నర్ జనరల్‌గా ఉంటూ 1985 డిసెంబరు 15న కన్నుమూశారు. ఆయన్ని ఓడించిన వాళ్ళు కూడా ఉచిత విద్య జోలికి పోలేదు.

ఫీజు తీసేస్తే అన్నీ చక్కబడలేదు. ప్రాథమిక విద్య చివరి పరీక్ష దగ్గరే ఎందరో పిల్లలు ఏళ్ళ తరబడి ఆగిపోయారు. 16 ఏళ్ళ దాకా చదువు తప్పనిసరి అయింది 2005లో. అయినా 1970లలో ఆ వయసు పిల్లల్లో సగానికన్నా తక్కువమంది హైస్కూల్లో ఉండగా, ఇప్పుడు అత్యధికులు ఉన్నారు. అమ్మాయిలు అబ్బాయిల సరసన నిలిచారు.

మన ఊరి బడికి చందా పంపేటప్పుడు ఈ డాక్టరు గుర్తుకొస్తారు. ఇవ్వడం మొదలుపెట్టడం ఒక ఎత్తు. చేతిలో డబ్బు ఆడని ఏడాది కూడా ఆపకుండా ఇవ్వడం ఇంకో ఎత్తు.