సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాటు

ఇరువదవ శతాబ్దపు తుదిదశాబ్దములలో మన విశాఖపట్టణపు వీధులయందు పసుపు పలకలతో ఎస్.టి.డి. గదు లుండెడివి. అద్దపు తలుపు మూసికొని, ఎఱ్ఱని యంకెలు పెరుగుచుండ గుండె దడదడలాడ నాలుగు మాటలాడి, చీటి చూచి రొక్కము చెల్లించిన దినములు తలిదండ్రులకు జ్ఞాపకముండకపోవు. చేతి ఫోనులు వచ్చినపిదప నవి మాయమయ్యెను. అట్టి గదికి లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన రూపము నిచ్చిన శిల్పి చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

స్కాటు 1880 నవంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించెను. తాతయు తండ్రియు భవనశిల్పులే. తండ్రి మతి చలించి 1897లో మరణించెను.

1903లో లివర్పూలు కథీడ్రలు దేవాలయ నిర్మాణమునకై జరిగిన పోటీలో స్కాటు నెగ్గెను. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లు. అతడు కట్టించిన భవన మొక్కటియు లేదు. ఆ దేవాలయము ఆంగ్లికను సంఘమువారిది. ఇతడో రోమను కతోలికుడు. కావున కొందఱు గొణిగిరి. వృద్ధశిల్పియగు బాడ్లీని తోడుగా నియమించిరి. ఆ తోడు యువకునకు భారమే యయ్యెను. 1907లో బాడ్లీ గతించినపిదప స్కాటు తన పటమును తానే త్రోసివైచి, రెండు గోపురములకు మాఱుగా నడుమ నొక్క మహాగోపురము నుంచి క్రొత్తపటము వ్రాసెను. గెలిచిన పటమును మార్చుటకు సాహసము కావలయును గదా!

ఇక టెలిఫోను గది సంగతి. 1921లో ఆంగ్ల తపాలాశాఖవారు నెలకొల్పిన కాంక్రీటు గదులు జనులకు నచ్చలేదు. 1924లో ముగ్గురు శిల్పులను పిలిచి పోటీ పెట్టగా స్కాటు నమూనాయే గెలిచెను. దాని గుమ్మటము, పూర్వము సోను అను శిల్పి తన భార్యకై కట్టించిన సమాధి కప్పును పోలియుండును. పైభాగమున కిరీటాకారముగా తొలిచిన రంధ్రములు అలంకారమునకే గాక లోపలి యుక్క వెడలుటకు గూడ నేర్పడినవి. ఉక్కుతో కట్టి వెలుపల వెండిరంగు, లోపల ఆకుపచ్చ కలిసిన నీలము వేయవలెనని శిల్పి కోరిక. శాఖవారు పోతయినుమును, ఎఱ్ఱరంగును నిర్ణయించిరి. శిల్పి మాట చెల్లలేదు. కాని పొగమంచులో దూరమునుండి కనబడుటకు ఎఱుపే మేలని మాకు తోచుచున్నది. పల్లెవాసులు కొందఱు ఆ రంగు నొల్లకపోగా, అచ్చటచ్చట బూడిదరంగు వేయవలసివచ్చెను.

ఆ గది పెద్దది, ఖరీదైనది. కావున చాలవఱకు లండనులోనే నిలిచినది. 1935లో జార్జి చక్రవర్తి రజతోత్సవ సందర్భమున స్కాటు దానిని చిన్నదిగను చౌకగను దిద్దెను. అట్టివి 60,000కు పైగా దేశమంతట వెలసెను.

స్కాటు 1960 ఫిబ్రవరి 8న మరణించెను. లివర్పూలు దేవాలయపు పడమటి వాకిటి వెలుపల, భార్యచెంత నాతనిని పాతిపెట్టిరి. 1904లో మొదలైన ఆ నిర్మాణము 1978లో గాని ముగియలేదు. టెలిఫోను గదికి మొదట చేసిన చెక్క నమూనా మాత్రము లండనులోని రాయల్ అకాడెమీ ద్వారమున నేటికిని నిలిచియున్నది.