నొప్పితో నడిచిన మన మదనపల్లె మనిషి

జిడ్డు కృష్ణమూర్తి అనగానే మనకు గుర్తొచ్చేది గొప్ప తత్వవేత్త, ప్రపంచమంతా తిరిగిన వక్త. జీవితాంతం వచ్చిపోతూ ఆయన్ని వేధించిన తీవ్రమైన నొప్పి గురించి మనలో చాలామందికి తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడనొప్పి, నడుంనొప్పి, మైగ్రేన్‌లతో కాలం గడిపే మన ప్రవాసులకు ఈ కథ దగ్గరిదే.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. చిన్నప్పుడు మలేరియా చాలాకాలం వదల్లేదు. 1905లో తల్లి సంజీవమ్మ పోయారు. 1909లో తండ్రి నారాయణయ్య పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. అక్కడ ఈ పిల్లవాడే రాబోయే జగద్గురువని లెడ్‌బీటర్ ప్రకటించడం, అనీబిసెంట్ పెంచుకోవడం అందరికీ తెలిసిన సంగతే. 1911లో తమ్ముడు నిత్యానందతో ఇంగ్లండు వెళ్ళారు.

తర్వాత నిత్యకు క్షయ సోకింది. అక్కడి గాలి మంచిదని 1922 జులైలో అన్నదమ్ములిద్దరూ కాలిఫోర్నియాలోని ఒహాయ్ లోయకు వచ్చారు. తమ్ముడి ఆరోగ్యం కోసం వచ్చిన అన్నకు ఆగస్టులో నొప్పి మొదలైంది. మెడ వెనుక, తలలో భరించలేని బాధ, ఒళ్ళంతా కాలిపోతున్నట్టు వేడి. చిన్న చప్పుడు కూడా తట్టుకోలేకపోయేవారు. రోజలిండ్ అనే పంతొమ్మిదేళ్ళ అమెరికన్ అమ్మాయి పక్కన కూర్చుని ఊరడించేది. ఆ బాధలో ఆయన ఆమెను తన తల్లే అనుకునేవారట. చుట్టూ ఉన్నవారు ఇది కుండలిని ప్రభావం అన్నారు. నమ్మనివారు జబ్బు అన్నారు. కారణం ఏదైనా, బాధ మాత్రం నిజం.

1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియా వెళ్తుండగా ఒహాయ్‌లో నిత్య చనిపోయాడు. మెలకువలో తెలుగు పూర్తిగా మరిచిపోయిన మనిషి, ఆ రాత్రుల్లో నిద్రలో తెలుగులో తమ్ముణ్ణి పిలుస్తూ ఏడ్చేవారని అదే గదిలో ఉన్న మిత్రుడు చెప్పారు!

1929లో తనకోసం పెట్టిన సంస్థను తనే రద్దు చేసి, గురుపీఠం వద్దన్నారు. నొప్పి మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చేది. 1948లో ఊటీలో వచ్చినప్పుడు పుపుల్ జయకర్, ఆమె చెల్లెలు నందిని అక్కడున్నారు. భయపడకుండా ఊరికే దగ్గర కూర్చోమని మాత్రమే ఆయన వారిని కోరారు. 1961లో రాసుకున్న దినచర్య పుస్తకంలో నొప్పి ప్రస్తావన, చెట్లూ కొండల వర్ణన పక్కపక్కనే ఉంటాయి. ఆ బాధను చూపించి ఆయన సానుభూతి అడగలేదు, మహిమగా చెప్పుకోలేదు. 1975లో మేరీ లుట్యెన్స్ రాసిన జీవిత చరిత్రతోనే బయటి ప్రపంచానికి ఆ సంగతి బాగా తెలిసింది.

ప్రసంగాల్లో ఆయన తరచూ చెప్పిన విషయం ఒకటుంది. ఒంటి నొప్పి ఒకటి, దాని చుట్టూ ఆలోచన అల్లే భయం మరొకటి. నిన్నటి నొప్పి గుర్తు, రేపు మళ్ళీ వస్తుందేమోనన్న బెంగ, ఇవి మనం కలుపుకునేవి. వాటిని గమనించవచ్చు. 1979లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ తరగతులకు మొదట వచ్చినవారిలో చాలామంది దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారే. నొప్పినీ, దాని గురించిన ఆలోచననూ విడివిడిగా చూడడం అక్కడా ముఖ్యమే. అయితే పద్ధతి ప్రకారం చేసే ధ్యానాన్ని కృష్ణమూర్తి ఒప్పుకోలేదు.

అలాగని వైద్యాన్ని కాదనలేదు. 1986 జనవరి 4న మద్రాసులో చివరి ప్రసంగం చేసి ఒహాయ్ వచ్చారు. పాంక్రియాస్ కాన్సర్ అని తేలింది. నొప్పి తగ్గించే మందులు తీసుకున్నారు. ఫిబ్రవరి 17న పైన్ కాటేజ్‌లో కన్నుమూశారు. 1922లో నొప్పి మొదలైంది కూడా ఆ ఇంట్లోనే.

కాబట్టి మిత్రులారా, డాక్టరు దగ్గరికి వెళ్దాం, మందులు వాడుదాం. నొప్పి ఎక్కువైన రోజున పిల్లల మీద విసుక్కునే ముందు, ఇవాళ నాకు బాగా లేదని ఇంట్లో ఒక్కమాట చెబుదాం. ఇంట్లో మరొకరికి నొప్పి ఉంటే సలహాలు కాసేపు పక్కన పెట్టి, ఊటీలో ఆ అక్కచెల్లెళ్ళలా దగ్గర కూర్చుందాం.